చెట్టును నరుకక మునుపు మన్నును చూడుడు



చెట్టును కూల్చుట ఒక పూట పని. పెంచుట ఒక తరము పని. ఈ మాట తెలియని రైతు లేడు. అయినను తోట వరుసగా రెండు మూడేండ్లు కాపు తప్పినప్పుడు, సంఘపు బాకీ వాయిదా దగ్గఱపడినప్పుడు, కలప వర్తకుడు గట్టుమీద నిలిచి చెట్టు కింతయని రొక్కము చూపినప్పుడు, ఎంతటి ఓర్పు గలవానికైనను మనసు చలించును. భావనపాడు పరిసరముల సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్న ప్రశ్న యొక్కటే: ఈ కొబ్బరిచెట్లు ఇంక కోలుకొనునా? ఉంచుదుమా, అమ్ముదుమా? దీనికి తొందరపడి అవుననిగాని కాదనిగాని చెప్పరాదు. తలయెత్తి మట్టలను చూచుటకు మునుపు తలవంచి మన్నును చూడవలెను. ఈ వ్యాసములో మేము చెప్పబూనినది అదియే.

మన నేల యెట్టిది

సంతబొమ్మాళి మండలమున సముద్రపుటొడ్డున నున్న భావనపాడు నేల మీరెఱిగినదే. ఒడ్డు పొడవున ఇసుక దిబ్బలు. వాని వెనుక పల్లపు నేలలు, చౌళ్లు. నౌపడా వైపున ఉప్పు మళ్లు. ఉత్తరమున వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతముల ఉద్దానపు తోటలలో కూడ ఇసుక పాలు హెచ్చుగా నున్న నేలలే విస్తారము. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుఫాను ఈ తోటలను ఎట్లు ఊచకోత కోసినదో చెప్పనక్కఱలేదు. పడిన చెట్ల లెక్క వెంటనే తేలినది. నిలిచిన చెట్ల నష్టము మాత్రము మెల్లమెల్లగా తేలినది. పైకి నిలిచియున్నను గాలి ఊపునకు వాని వ్రేళ్లు తెగినవి, మొదళ్లు కదలినవి, మట్టలు విఱిగినవి. అట్టి చెట్లను బలమైన నేల యైనచో త్వరగా నిలబెట్టుకొనును. ఇసుక నేలకు ఆ శక్తి తక్కువ.

ఇచ్చట మా పొరపాటొకటి చెప్పుకొనవలసియున్నది. తుఫాను మరుసటి యేట ఒక సభ్యుని తోటకు పోయి, పసుపుబాఱిన మట్టలను చూచి, నత్రజని లోపమని నిర్ణయించి, చెట్టుకు రెండేసి కిలోల యూరియా వేయుమని చెప్పితిమి. అతడు అప్పుచేసి వేసెను. తొలకరి వానలకు రెండు నెలలలో ఆకు పచ్చబడినది, మేమును సంతసించితిమి. కాని కాయ పెరుగలేదు. క్రింది మట్టల కొనలు కాల్చినట్లు ఎండసాగినవి. లేత మొవ్వులను కొమ్ముపురుగు తొలిచెను. ఆ రైతు మమ్మొక మాట యనలేదు. అతని తల్లి మాత్రము మమ్ము దొడ్డిలోనికి పిలిచి, కాయలతో వంగియున్న ఒక చెట్టును చూపి, "దీనికి మేమేటీ ఎయ్యనేదు బాబూ. పొయిలో బూడిద, సేపలు కడిగిన నీళ్లు, ఊడిసిన తుక్కు, అంతే" అని చెప్పెను.

తోటకును దొడ్డికిని నడుమ నూఱు గజముల దూరము లేదు. అదే ఇసుక, అదే గాలి, అదే తుఫాను. భేదమంతయు మొదటనున్న మన్నులోనే యున్నది. దొడ్డిమన్నును పిడికిట పట్టి చూచితిమి. నల్లగా, చల్లగా, ముద్దకట్టుచుండెను. తోటమన్ను వ్రేళ్లసందుల జాఱిపోయెను. మా చదువు మాకు అంతవఱకు చూపని పాఠమును ఆమె దొడ్డి చూపినది.

ఇసుక యేల నిలుపదు

ఇసుక రేణువు నున్నని గులకరాయి వంటిది. అది నీటినిగాని ఎఱువునుగాని పట్టుకొనలేదు. బంకమన్నును, కుళ్లిన ఆకు పేడలవలన నేర్పడు నల్లని జీవపదార్థమును ఎఱువు సారమును అంటిపెట్టుకొని, వ్రేళ్లు అడిగినప్పుడు కొంచెము కొంచెముగా విడుచును. అవి లేని ఇసుకలో వేసిన యూరియా ఒక పెద్దవానకు కరగి వ్రేళ్లు అందని లోతునకు దిగిపోవును. రైతు రొక్కమును దానితో దిగిపోవును.

మఱియొక కారణము పొటాషు. కొబ్బరి అన్నింటికంటె హెచ్చుగా కోరు ఆహారము పొటాషు. అది కాయ పీచులో విశేషముగా నుండును. మనము కాయను పీచుతోసహా బండికెత్తి పంపునప్పుడు ఏటేట తోట పొటాషును గూడ ఊరు దాటించుచున్నాము. బూడిద పోసిన దొడ్డిచెట్టునకు ఆ లోటు తీఱినది, తోటచెట్టునకు తీఱలేదు. పొటాషు లేక యూరియా మాత్రము వేసినచో ఆకు మెత్తగా, పసిగా పెరిగి పురుగునకు లోకువయగును. మా సలహా చెడినది అందుచేతనే.

చెట్టు వ్రాసికొన్న పద్దు

సంఘమునకు పద్దు పుస్తకమున్నట్లే కొబ్బరిచెట్టునకును ఉన్నది. అది దాని మ్రాను. చక్కని చెట్టు సుమారు నెలకొక మట్ట చొప్పున వేయును. రాలిన ప్రతి మట్టయు మ్రానుపై ఒక గుర్తును విడుచును. గుర్తులు ఎడముగా నుండి మ్రాను లావుగా నున్న భాగము మంచి యేండ్లది. గుర్తులు దగ్గఱదగ్గఱగా నుండి మ్రాను సన్నగిలిన భాగము కఱవు యేండ్లది. పైకి పోవుకొలది పెన్సిలు మొనవలె సన్నగిలుచున్నచో ఆ చెట్టు చిరకాలముగా ఆకలితో నున్నదని గ్రహింపవలెను.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి. కొబ్బరి పూగెల మొవ్వులోపల మొలకెత్తిన దినము మొదలు ఆ గెలలోని కాయ ముదిరి దిగువఱకు సుమారు 44 నెలలు పట్టును. అందు కడపటి పండ్రెండు నెలలు మాత్రమే మన కంటబడును. తక్కినదంతయు చెట్టు గర్భములో జరుగును. కావున నేడు మీరు దింపు కాయ మూడున్నరయేండ్ల క్రిందట పడిన పునాదిపై కట్టిన కాయ. నేడు మీరు వేయు ఎఱువు ఫలము కొంత పిందె నిలుచుటలో వచ్చు యేడు కనబడినను, నిండుగా కనబడుట మూడవయేటనే. ఒక యేడు ఎఱువువేసి కాయ పెరుగలేదని నిరాశపడువాడు విత్తిన మఱునాడే పంట కోయబోవువానిని పోలియున్నాడు. అందుచేత చెట్టునకు మూడేండ్ల గడువు ఇయ్యవలెను. గడువనగా ఊరకుండుట కాదు. మూడేండ్లు మన్నును బాగుచేయుట.

మొదట వ్యాధిని గుర్తింపవలెను

అన్ని పసుపులును ఒకటి కావు. క్రింది ముదురు మట్టలపై నారింజవన్నె చుక్కలు పడి, ఆకు కొనలు అంచులు ఎండుచున్నచో అది పొటాషు లోపము. ముదురు మట్టలు అంచులనుండి పసుపుబాఱి ఈనె దగ్గఱ మాత్రము పచ్చగా నిలిచినచో మెగ్నీషియము లోపము. లేత ఆకులు ముడతలుపడి, విచ్చుకొనక, మొవ్వు కుఱుచబడినచో బోరాను లోపము. మట్టలన్నియు వడలి మ్రానుచుట్టు వ్రేలాడుచు, మొదటనుండి ఎఱుపుగోధుమ వన్నె బంక కారుచున్నచో అది గానోడెర్మా యను శిలీంధ్రమువలన కలుగు తెగులు. ఇది ఇసుక నేలలలో ఎండాకాలపు నీటి కొఱతకు గుఱియైన తోటలను ఎక్కువగా పీడించును. మొదట కుక్కగొడుగు వంటి గట్టి పెంకు కనబడినచో సందేహము లేదు.

కన్నుతో నిర్ణయించినదానిని మన్ను పరీక్షతో సరిచూచుకొనవలెను. పాదులో మూడు లోతులనుండి, అనగా మొదటి అడుగు, రెండవ అడుగు, మూడవ అడుగులనుండి, వేఱువేఱుగా మన్ను తీసి, నీడనార్చి, లోతునకు అర కిలో చొప్పున శుభ్రమైన గుడ్డసంచిలో కట్టవలెను. ఎఱువు వేసిన క్రొత్తలో తీయరాదు. ఎఱువు బస్తాలో కట్టరాదు. ఉప్పు పాలు ఎంతయో కూడ చూపుమని తప్పక అడుగవలెను. మీ గ్రామ రైతు సేవా కేంద్రమునగాని, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రమునగాని విచారించినచో మార్గము చెప్పుదురు.

మన్నుకు చేయవలసిన సేవ

కొబ్బరికి తల్లివ్రేరు లేదు. మొదలు దుంపనుండి వేలకొలది పీచువ్రేళ్లు పుట్టును. పాతవి చచ్చినను క్రొత్తవి పుట్టుచునేయుండును. తుఫానుకు కదలిన చెట్టునకు ఇదియే ప్రాణాధారము. కావున మొదళ్లు బయటపడిన చెట్లకు గత్తము కలిపిన మన్నును ఎగద్రోసి, కప్పి, త్రొక్కవలెను. క్రొత్త వ్రేళ్లు ఆ మన్నులోనికి దిగును. ఆహారము తీసికొను వ్రేళ్లు చాలవఱకు మొదటినుండి ఆఱడుగుల లోపలనే యుండును. కావున ఆఱడుగుల దూరమున గుండ్రముగా పాదు చేసి, అందే ఎఱువు వేయవలెను, మ్రానునకానించి పోయరాదు. పారను లోతుగా దింపి వ్రేళ్లు తెగగొట్టరాదు.

వేసవిలో చెఱువు మన్ను తోలించుట మన పెద్దలు చేసిన పని. ఇసుక తోటకు ఇంతకంటె మేలైన మందు లేదు. బంకమన్ను కలిసినచో ఎఱువు నిలుచును. అయితే సముద్రపు ప్రక్క పల్లములలోని మన్నును, రొయ్యల చెఱువుల అడుగు బురదను పరీక్షింపక తోలరాదు. అందు ఉప్పున్నచో మేలుకు మాఱుగా కీడగును.

ఏటేట చెట్టునకు 25 మొదలు 50 కిలోల వఱకు బాగుగా చివికిన గత్తమును వేయవలెను. తొలకరిని పాదులో గుప్పెడు జనుము విత్తులు చల్లి, పూత దశలో అక్కడనే పీకి మన్నులో కలుపవలెను. గట్లపై గ్లిరిసిడియా కొమ్మలు నాటుకొన్నచో కోసినకొలది పచ్చిరొట్ట లభించును. రాలిన మట్టలను కాల్చివేయక ముక్కలుచేసి పాదులో పఱచినచో ఎండవేడిమి తగ్గును, తేమ నిలుచును. మ్రానునకు రెండడుగుల ఎడము విడుచుట మఱువరాదు. లేనిచో చెదలు పట్టును.

కొబ్బరి పీచుడొక్కలను అమ్ముటకు మునుపు తోటకు వలసినన్ని ఉంచుకొనుడు. వానలకు ముందు రెండు వరుసల నడుమ రెండడుగుల వెడల్పున, రెండడుగుల లోతున కందకము త్రవ్వి, డొక్కల గుంటభాగము మీదికి వచ్చునట్లు వరుసలుగా పేర్చి, మన్ను కప్పవలెను. అవి వాననీటిని త్రాగి యుంచుకొని ఎండాకాలమున వ్రేళ్లకు ఇచ్చును. తమలోని పొటాషును కూడ విడుచును. ఒకసారి చేసిన పని ఐదాఱేండ్లు పనికివచ్చును. పీచుమిల్లుల యొద్ద కుప్పలుపడు పొట్టును మాత్రము పచ్చిగా వేయరాదు. అది చివుకుటకు మన్నులోని నత్రజనిని తానే లాగికొని చెట్టును పస్తుంచును. పేడతోను, పచ్చిరొట్టతోను కలిపి కుళ్లబెట్టిన పిమ్మట వాడవలెను.

మన ఊర చేపల వ్యర్థమునకు కొఱతలేదు. అది మంచి ఎఱువు. కాని ఉప్పుపట్టిన ఎండుచేపల తుక్కును నేరుగా వేయక, గత్తపు కుప్పలో కలిపి ఒక వానాకాలము చివుకనీయవలెను. కొబ్బరికి ఉప్పు మంచిదని కొందఱు మొదట ఉప్పు పోయుదురు. సముద్రపు గాలి తెచ్చునదే మనకు చాలును, వేఱుగా కొననక్కఱలేదు.

ఇక బస్తా ఎఱువు. కాపుకు వచ్చిన చెట్టునకు మన రాష్ట్రమున సాధారణముగా చెప్పు మోతాదు ఏటికి 1 కిలో యూరియా, 2 కిలోల సూపరు ఫాస్ఫేటు, 2.5 కిలోల మ్యూరేటు పొటాషు. దీనిని తొలకరిని సగము, వానలు తగ్గునప్పుడు సగము వేయుదురు. మన ఇసుకలో మూడు నాలుగు భాగములుగా వేయుట మఱియు క్షేమము. బోరాను లోపమున్న చెట్టునకు 50 గ్రాముల బోరాక్సును, మెగ్నీషియము లోపమున్నదానికి అర కిలో మెగ్నీషియము సల్ఫేటును పాదులో వేయవచ్చును. మన్ను పరీక్ష ఫలితమును బట్టి ఈ మోతాదులను మార్చుకొనవలెను. జీవపదార్థము లేని ఇసుకలో బస్తా ఎఱువు వేయుట చిల్లుకుండలో నీరు పోయుట. ముందు చిల్లు పూడ్పవలెను.

గత్తపు కుప్పయే శత్రువునకు పుట్టినిల్లు కాకుండ చూచుకొనుడు. కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టునది గత్తపు కుప్పలలోను, కుళ్లు దుంగలలోను. తుఫానుకు పడిన దుంగలను తోటలో నుంచుట తగదు. కుప్పను తఱచు తిరుగవేసి పిల్లపురుగులను ఏఱి చంపవలెను. మెటారైజియము అను పచ్చబూజు పొడిని కుప్పలో కలిపినచో అది ఆ పురుగులను పట్టి చంపును.

బంకకారు తెగులు గల చెట్టుచుట్టు రెండడుగుల లోతు కందకము త్రవ్వి ఇతర చెట్లనుండి వేఱుచేయవలెను. దాని పాదునుండి నీరు మఱియొక పాదునకు పాఱనీయరాదు. ట్రైకోడెర్మా కలిపి చివికించిన వేపపిండిని ఏటికి 5 కిలోలు వేసినచో తొలిదశలో కొంత నిలువరింపవచ్చును. మొవ్వు పడిపోయిన చెట్టును మాత్రము దుంపతోసహా పెకలించి కాల్చివేయుటయే తక్కిన తోటకు రక్ష.

నీటి విషయము

మన బావులలోని మంచినీరు బరువైన ఉప్పునీటిపై తేలుచున్న పొర. సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచినచోట దాని క్రింద సుమారు నలుబదడుగుల మంచినీరుండునని శాస్త్రజ్ఞుల లెక్క. పైనీరు ఒక అడుగు తోడివేసినచో క్రిందినుండి ఉప్పునీరు ఎన్నో రెట్లు పైకెక్కును. కావున పెద్ద మోటారుతో ఒక్కసారి తోడక, కొంచెము కొంచెముగా, పాదులకు మాత్రమే పెట్టుకొనవలెను. పాదుపై ఆకు కప్పినవానికి సగము నీరు మిగులునని మా అనుభవము.

ఇతర వృక్షములు, తీగలు

జీడి, పనస, మామిడులకు తల్లివ్రేరున్నది. ఆహారపు వ్రేళ్లు కొమ్మల అంచుక్రింద వ్యాపించియుండును. కావున వానికి ఎఱువును మధ్యాహ్నపు నీడ అంచున ఉంగరమువలె వేయవలెను. వాలునేలలోని జీడికి పల్లపుప్రక్క అర్ధచంద్రాకారపు గట్టు వేసినచో వాననీరును, రాలిన ఆకును నిలుచును. పనస మొదట నీరు నిలువరాదు.

తీగల రోగము వేఱు తీరు. కొబ్బరికి ప్రాకించిన మిరియపు తీగకును, తమలపాకు తీగకును వ్రేళ్లు పైపైననే యుండును. రెండు మూడు దినములు నీరు నిలిచినను మొదలు నల్లబడి, పచ్చని తీగ హఠాత్తుగా వడలును. వీనికి పాదు పల్లముగా గాక మిట్టగా నుండవలెను. వానలకు ముందే కాలువలు తీయవలెను. మొదట త్రవ్వక ఆకు మాత్రము కప్పవలెను. ట్రైకోడెర్మా కలిపిన వేపపిండి వేయవలెను. ఇంటి ఆనప, బీర పాదులకు సైతము ఎండుటాకు, గత్తము, కొంచెము బూడిద నింపిన గోయియే బలము.

సంఘముగా చేయదగినది

చెఱువు మన్ను తోలుట ఒక్కనికి భారము; పదిమంది కలిసినచో సులభము. వేపపిండి, పొటాషు తొలకరికి ముందే కలిసి కొన్నచో ధర తగ్గును. తోట మరమ్మతుకిచ్చు అప్పునకు మూడేండ్ల వాయిదా యుండవలెనని సభ్యులు సర్వసభ్య సమావేశమున అడుగదగును. చెట్టు మూడవయేట ఫలించునప్పుడు బాకీని మొదటియేటనే కోరుట చెట్టును నరుకుమనుటయే.

ప్రతి సభ్యుడును చెట్లకు సంఖ్యలు వేసి, మూడు నెలలకొకసారి ప్రతి చెట్టునకు ఎన్ని మట్టలున్నవో, ఎన్ని కాయలు దిగినవో వ్రాసికొనవలెను. మంచి చెట్టుతలపై ముప్పది మొదలు నలుబది మట్టలుండును. కాయ పెరుగుటకు మునుపే మట్టల సంఖ్య పెరుగును. అది చెట్టు కోలుకొనుచున్నదనుటకు మొదటి సాక్ష్యము. మూడేండ్ల సేవకును మట్ట పెరుగని చెట్టును తీసివేయుటకు సందేహింపనక్కఱలేదు. దాని నీడన ముందే ఒక మంచి మొక్క నాటి యుంచుడు.

మేము బాల్యమున చదివిన మిషను బడిలో ఒక కథ చెప్పెడివారు. ద్రాక్షతోటలోని అంజూరపు చెట్టు మూడేండ్లు ఫలింపనందున యజమాని దానిని నరుకుమనెను. తోటమాలి మఱియొక యేడు గడువు వేడుకొని, చుట్టు త్రవ్వి ఎఱువు వేసెదననెను. ఆ కథను నాడు కథగానే వింటిమి. తోటమాలి గడువును ఊరక అడుగలేదనియు, పారను గత్తమును చేతపట్టుకొని అడిగెననియు ఇప్పుడు మాకు తెలియుచున్నది.

మేము మొదట చెప్పిన ఆ రైతు కలప వర్తకుని త్రిప్పిపంపెను. తల్లి చెప్పినట్లు బూడిదయు, చెఱువు మన్నును, డొక్కల కందకమును, పిమ్మట తగినంత పొటాషును పెట్టెను. మొదటియేట మట్టలు పెరిగినవి. రెండవయేట పిందె నిలిచినది. మూడవయేట కాయల లెక్క వ్రాయుటకు అతని కుమారుడు పుస్తకము తెచ్చెను. అన్ని చెట్లును బ్రదుకలేదు, ఏడింటిని తీసివేయవలసివచ్చెను. తక్కినవి నేటికిని భావనపాడు గాలిలో నిలిచియున్నవి. మీ తోటలోని చెట్టునకు గూడ ఆ మూడేండ్ల గడువును, పారయు గత్తముతో, ఇత్తురని ఆశించుచున్నాము.